రెండు బల్బులు చాలంట మనకి

పోస్టు పెద్దదే. ఓపిక ఉన్నోళ్ళు చివరిదాకా చదవండి, లేనోళ్ళు సేవ్ చేసుకొని బస్సులో చదువుకోండి.

మొన్న ఒకన్న సోలార్ కిట్లు పంచే ఫోటో పెట్టాడు. అందరూ దండాలు, చప్పట్లు పెట్టారు. నేను ఒక్క మాట అడిగా: "అన్నా, బ్యాటరీ ఎంత ఏహెచ్?" దానికి ఏం జవాబులొచ్చాయో మీరే చూశారు. "ఊరికే ఇస్తుంటే లెక్కలేందిరా." "దానమిచ్చిన ఆవుకి పళ్ళు పట్టి చూస్తావా." "డిగ్రీలో చేరంగానే సైంటిస్టువి అయినావా." ఫోటో పెట్టిన అన్న మాత్రం ఏమీ అనలా, ఆయన మీద నాకు కోపం లేదు. మిగతావాళ్ళకి ఆ రోజు జవాబియ్యలేదు. రెండు లైన్లలో పట్టేది కాదు కాబట్టి ఇప్పుడిస్తున్నా.

నేను చెప్పేది ఒకటే. బ్యాటరీ సైజు రాసేవాడు దానికంటే ముందు మన రాత్రిని రాస్తాడు. వీళ్ళింట్లో ఎన్ని బల్బులు, ఫ్యాన్ ఉంటదా ఉండదా, పిల్లలు ఎన్నింటిదాకా చదువుతారు, ముసలోళ్ళు అర్ధరాత్రి బయటికి లేస్తారా, ఇవన్నీ ఎవరో ఎక్కడో కూర్చొని అనుకుంటారు. ఆ అనుకున్నదే డబ్బాలో పెట్టి మనకి పంపిస్తారు. ఆ కాగితం మనం రాయాలి. రాయకపోతే వచ్చేది ఆవు కాదు, ఆవు బొమ్మ.

మాది హనుమంతునిపాడు మండలం. ఊరి పేరు ఎందుకులే. యానాదులం. ఊరికి కిలోమీటరు అవతల ఎస్టీ కాలనీ, కాలనీకి అవతల వంక పక్కన మావి ఆరిళ్ళు. కాలనీలో కరెంటుంది, మా ఆరిళ్ళకి లేదు. కారణం మీ అందరికీ తెలిసిందే. అది పోరంబోకు, పట్టా లేదు. పట్టా లేదు కాబట్టి మీటరు లేదు. మీటరు లేదు కాబట్టి ఎస్టీలకిచ్చే 200 యూనిట్ల ఉచిత కరెంటు లేదు. ఇప్పుడు ఎస్సీ, ఎస్టీ ఇళ్ళ మీద 2 కిలోవాట్ల సోలార్ ఉచితంగా పెడతామంటున్నారు కదా, అదీ మాకు రాదు. అది 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద పెట్టేది. దానికి సొంత ఇంటి కప్పు కావాలి, కరెంటు కనెక్షన్ ఉండాలి. కరెంటు లేనోడికి సోలార్ ఇయ్యాలంటే ముందు కరెంటు ఉండాలంట. ఈ ముక్క మా అవ్వకి రెండుసార్లు చెప్పా. మూడోసారి నవ్వి ఊరుకుంది.

మా నాయన జామాయిల్ కొట్టే పనికి పోతాడు, అది లేనప్పుడు బొగ్గుల బట్టీ. పోయినేడు మా చెల్లి పదో తరగతికి వచ్చిందని, దీపం కింద చదవలేకపోతుందని, మేస్త్రి కాడ 25 వేలు అడ్వాన్సు తీసుకొని టౌన్లో ఒక షాపులో సోలార్ సెట్టు కొన్నాడు. 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి, చిన్న ఇన్వర్టర్, 150 వాట్ల ప్యానెల్ ఒకటి. "ఒక్క బ్యాటరీ చాలు, తెల్లార్లూ ఫ్యాన్ తిరుగుద్ది" అన్నాడు షాపాయన. ఫ్యాన్ కూడా ఆయనే ఇచ్చాడు, మామూలు సీలింగ్ ఫ్యాన్.

మొదటి రాత్రి నిజంగానే తెల్లార్లూ తిరిగింది. రెండో రాత్రీ తిరిగింది. మూడో రాత్రి రెండు దాటాక ఇన్వర్టర్ కీచుమని అరిచి ఆగిపోయింది. షాపుకి పోతే "కొత్తది కదా, సెట్ అవుద్ది" అన్నాడు. సెట్ కాలేదు. నాలుగు నెలలకి రెండు బల్బులు కూడా తొమ్మిది దాకా వెలగని గతికి వచ్చింది. వారంటీ కాగితం మీద స్టాంపు లేదన్నారు. చివరికి పాత సామాన్లాయన నాలుగు వేలకి తీసుకపోయాడు. బ్యాటరీ చచ్చింది కానీ అడ్వాన్సు చావలేదు. ఆ సీజనంతా నాయన వేరే మేస్త్రి ఎక్కువ కూలి ఇస్తానన్నా పోవడానికి లేకుండా అయింది. యానాదోళ్ళకి అడ్వాన్సు అంటే ఏందో ఈ గ్రూపులో నేను కొత్తగా చెప్పక్కర్లేదు.

సెలవులకి ఇంటికి పోయినప్పుడు ఆ లెక్క కూర్చొని వేశా. ఫిజిక్స్ పుస్తకం కూడా అక్కర్లేదు, కూడికలు, గుణకారాలు చాలు. ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు, రెండూ గుణిస్తే వాట్ అవర్లు. వెయ్యి వాట్ అవర్లు అయితే ఒక యూనిట్.

లోపల 9 వాట్ల బల్బులు రెండు, 5 గంటలు: 90. బయట పందిట్లో 5 వాట్ల బల్బు రాత్రంతా, 11 గంటలు: 55. ఫోన్లు రెండు: 30. ఫ్యాన్ 75 వాట్లు, 9 గంటలు: 675. మొత్తం 850. ఇన్వర్టర్‌లో నూటికి 15 దాకా పోద్ది కాబట్టి బ్యాటరీలోంచి లాగేది దగ్గర దగ్గర 1000. అంటే రాత్రికి ఒక యూనిట్.

ఇప్పుడు బ్యాటరీ చూడండి. 12 వోల్టులు ఇంటూ 150 అంటే 1800 వాట్ అవర్లు. షాపాయన చూపించింది ఆ 1800నే. కానీ లెడ్ యాసిడ్ బ్యాటరీని రోజూ సగానికి మించి వాడితే తొందరగా చస్తది. అంటే వాడుకోదగ్గది 900. మాకు కావాల్సింది 1000. అయినా అది చిన్న తేడా. మా బ్యాటరీని చంపింది అది కాదు.

చంపింది ప్యానెల్. 150 వాట్ల ప్యానెల్, మన పక్క మంచి ఎండ రోజుకి 5 గంటల లెక్క, దుమ్ము, వేడి, వైర్లు, చార్జింగ్ అన్నీ పోగా వందకి 70 మిగులుద్ది అనుకుంటే 525 వాట్ అవర్లు. రాత్రి వెయ్యి తీస్తున్నాం, పగలు 525 పోస్తున్నాం. చెంబుతో పోసి బిందెతో తోడినట్టు. 1800లో వెయ్యి తీస్తే 800, పగలు నింపితే 1325, మళ్ళీ వెయ్యి తీస్తే 325, నింపితే 850. మూడో రాత్రి రెండింటికి ఎందుకు ఆగిందో ఇప్పుడు అర్థమైందా? ఆ తర్వాత ఆ బ్యాటరీ ఒక్కరోజు కూడా నిండుగా చార్జ్ కాలా. లెడ్ యాసిడ్ బ్యాటరీ అరకొర చార్జితో పడుంటే లోపలి పలకల మీద సల్ఫేటు గడ్డకట్టుద్ది. అట్టా గడ్డకట్టింది మళ్ళీ కరగదు.

ఇంకో సంగతి, నాకు బాగా కోపం తెప్పించింది. అదే సెట్టుకి 28 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ పెట్టుంటే 9 గంటలకి 252. మొత్తం 427, ఇన్వర్టర్ నష్టం కలిపి 500 చిల్లర. 150 వాట్ల ప్యానెల్ ఇచ్చేది 525. అంటే అదే బ్యాటరీ, అదే ప్యానెల్‌తో బొటాబొటిగా సరిపోయేది! మూడు వేలు అటూఇటూ అయ్యే ఫ్యాన్ మార్చి ఉంటే 25 వేల సామాను బతికేది. ఈ మాట అమ్మేవాడికి తెలియదా? తెలిసే ఉంటది. అడిగేవాడు లేడు కాబట్టి చెప్పలా.

"అది ప్రైవేటు షాపు, గవర్నమెంటు కిట్టు అట్టా ఉండదు" అనేవాళ్ళకి. అన్నా, కాగితాలు చదువుదాం. 2017లో సౌభాగ్య అని కేంద్రం పథకం వచ్చింది. లైన్ వేయలేని మారుమూల ఇళ్ళకి సోలార్ ప్యాక్ ఇస్తామన్నారు. అందులో రాసింది ఇది: 200 నుంచి 300 వాట్ల ప్యానెల్, బ్యాటరీ, ఐదు ఎల్‌ఈడీ లైట్లు, ఒక డీసీ ఫ్యాన్, ఒక డీసీ ప్లగ్గు, ఐదేళ్ళ మరమ్మతు. ఐదు లైట్లు! ఫ్యాన్! ఐదేళ్ళు! కాగితం మీద వాళ్ళే ఒప్పుకున్న రాత్రి అది. మన కాలనీలకి ఎవరెవరో తెచ్చి పంచే కిట్లలో ఏముంటున్నాయి? రెండు బల్బులు, ఒక ఫోన్ చార్జర్, టిఫిన్ బాక్సంత బ్యాటరీ. మాకు నా చిన్నప్పుడొచ్చిన అలాంటి కిట్టు రెండో వానాకాలానికి కోళ్ళగూడు మీద బరువుకి పనికొచ్చింది.

2023 నవంబరులో మొదలైన పీఎం జన్‌మన్ చూడండి. బాగా వెనకబడిన 75 ఆదిమ తెగల కోసం అది. మన పక్కన చెంచులు అందులో ఉన్నారు. లైన్ లేని ఇంటికి 50 వేల దాకా పెట్టి 0.3 కిలోవాట్ల సోలార్ ఇస్తామని ఉంది. 0.3 కిలోవాట్లు అంటే 300 వాట్లు. పైన లెక్క మళ్ళీ చూడండి: మా ఇంటికి మామూలు ఫ్యాన్‌తో రాత్రికి వెయ్యి కావాలంటే ప్యానెల్ 290 వాట్ల దగ్గర రావాలి. అంటే వాళ్ళు రాసిన అంకె సరైందే. ఢిల్లీలో ఎవరో ఒకాయన నిజాయితీగా గుణకారం చేశాడు. దోర్నాల, యర్రగొండపాలెం పక్క పెంటల్లో ఉన్న చెంచు తమ్ముళ్ళు మీ గోడ మీద ఉన్న ప్యానెల్ వెనక అంటించిన చీటీ చూడండి. 300 ఉందా, 100 ఉందా? బ్యాటరీ మీద ఏం రాసుంది? ఫోటో తీసి పెట్టండి. తక్కువ ఉంటే అది తక్కువైన దానం కాదు, ఎవరో మిగుల్చుకున్న సొమ్ము.

యానాదులు ఆ 75లో లేరు. 2024 అక్టోబరులో వచ్చిన ధర్తీ ఆబా పథకం ముఖ్యంగా గిరిజనులు ఎక్కువగా ఉన్న ఊళ్ళకి. మనం ఏ ఊళ్ళో ఎక్కువున్నాం? ప్రతి ఊరి చివరా పది ఇళ్ళు, ఇరవై ఇళ్ళు. ఎక్కడా లెక్కకి రానంత పలచగా, ఎక్కడ చూసినా కనపడేంత దండిగా. అందుకే మన అర్జీ మనమే రాసుకోవాలంటున్నా.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. అందరికీ బ్యాటరీ కావాలని నేను అనడం లేదు. కాలనీలో మీటరుండి రాత్రిపూట కరెంటు సరిగా ఉండే ఇంటికి బ్యాటరీ దండగ. పగలు మిద్దె మీద తయారైంది లైన్లోకి పోద్ది, రాత్రి లైన్లోంచి వాడుకుంటారు, లెక్కలో సరిచేస్తారు. వాళ్ళకి లైనే బ్యాటరీ. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ ఉచిత సోలార్‌తో మీకు కరెంటు కోతలు తప్పవు. లైన్లో కరెంటు పోతే మిద్దె మీద ఎంత ఎండ కాస్తున్నా ఆ ఇన్వర్టర్ ఆగిపోద్ది. స్తంభం మీద పనిచేసే లైన్‌మన్‌కి షాక్ కొట్టకుండా అట్టా పెట్టారు, అది మంచిదే. రాత్రి సంగతి చెప్పక్కర్లేదు, ఆ సబ్సిడీ లెక్కలో బ్యాటరీ లేదు. "మాకు సోలార్ వచ్చింది, ఇంక కరెంటు పోదు" అని సంతోషపడుతున్న అత్తలకి, పిన్నులకి ఈ ముక్క ముందే చెప్పండి. తర్వాత మనల్ని తిట్టుకుంటారు.

ఇంక ఫ్యాన్ సంగతి. పోయిన ఎండాకాలం ఒకాయన నా మొహం మీదే నవ్వుతా అన్నాడు, "చీకట్లో ఎలకలు పట్టేవోళ్ళకి ఫ్యానెందుకురా" అని. చదువుకున్నాయనే. ఆయన మాటకంటే నాకు భయమేసేది మనోళ్ళ మాట. "లైటొస్తే చాల్లే" అని మనమే అంటున్నాం. మే నెలలో కనిగిరి, మార్కాపురం పక్క ఎండ 44 దాటిన రోజులుంటాయి. రేకుల ఇల్లు రాత్రి పదకొండు దాకా సెగ కక్కుతానే ఉంటది. బయట పడుకుంటే దోమలు, తేళ్ళు. పగలంతా కట్టె కొట్టినోడు రాత్రి నిద్రపోకపోతే పొద్దున గొడ్డలి ఎట్టా పడతాడు? మా చెల్లి ఆ చెమటలో లెక్కలు ఎట్టా చేస్తది? నేను హాస్టల్లో ఫ్యాన్ కింద పడుకొని ఈ మాట రాస్తున్నా, ఆ సిగ్గు నాకుంది. హాస్టల్లో మంచాలు లేవు, పప్పులో నీళ్ళెక్కువ అని ధర్నా చేస్తాం. ఫ్యాన్ ఆగితే వార్డెన్ రూము తలుపు కొడతాం. ఇంటికి పోతే మాత్రం రెండు బల్బులు చాలంటాం. ఎందుకబ్బా?

వాళ్ళ రాత్రికి మాత్రం ఎప్పుడూ ఎవరూ తక్కువ లెక్క వేయలా. నల్లమలలోనే చూడండి. శ్రీశైలం ఎడమగట్టు కేంద్రంలో ఆరు యూనిట్లు, ఒక్కోటి 150 మెగావాట్లు. కరెంటు మిగిలినప్పుడు కింద నీళ్ళని పైకి తోడి పెట్టుకొని, జనం ఎక్కువ వాడే వేళకి మళ్ళీ కిందకి వదిలేట్టు ఆ టర్బైన్లు కట్టారు. అది బ్యాటరీ కాక ఇంకేంది? నగరాల్లో సాయంత్రం ఎన్ని ఏసీలు తిరుగుతాయో ముందే లెక్కగట్టి, దానికి సరిపడా కొండల మధ్య నీళ్ళు నిలవబెట్టారు. ఆ కొండల్లో ఉండే చెంచోళ్ళ పెంటకి వచ్చేసరికి ఆ లెక్క గట్టే తెలివి ఎక్కడికి పోద్దో.

సైజు ఒక్కటే సరిపోదు, చూసుకునేవాడు ఉండాలి. బీహారులో జహానాబాద్ జిల్లా ధర్నాయి అనే ఊళ్ళో 2014 జులైలో గ్రీన్‌పీస్ వాళ్ళు 100 కిలోవాట్ల సోలార్ గ్రిడ్ పెట్టారు. దేశమంతా పేపర్లలో వచ్చింది. ముఖ్యమంత్రిగా చేసిన నితీష్ కుమార్ చూడ్డానికొస్తే ఊరోళ్ళు "మాకు నకిలీ కరెంటొద్దు, అసలు కరెంటు కావాలి" అని అడిగారు. వాళ్ళకి టీవీ, ఫ్రిజ్ నడిచేంత కావాలి, ఇచ్చింది లైట్లకీ ఫ్యాన్లకీ సరిపడేది. తర్వాత లైనొచ్చింది, కొన్నేళ్ళకి బ్యాటరీలు చచ్చాయి, మార్చలేదు. ఆ కట్టడంలో గొడ్లు కట్టేసుకున్నారు. మంచి మనసుతో చేసిన పనే. కానీ ఊరోళ్ళ రాత్రిని ఊరోళ్ళు రాయలా, బ్యాటరీ మార్చే డబ్బు ముందే పక్కన పెట్టలా.

మన కాడ ఇంకో తంటా ఉంది. ట్యూబులర్ బ్యాటరీలో నీళ్ళు తగ్గితే డిస్టిల్డ్ వాటర్ పోయాలి. మనోళ్ళు బోరు నీళ్ళు పోస్తారు. కనిగిరి పక్క బోరు నీళ్ళు మన పళ్ళనీ ఎముకలనీ ఏం చేశాయో తెలుసు కదా, ఆ ఉప్పు బ్యాటరీని మాత్రం వదులుద్దా? ఇంకోటి, బ్యాటరీని రేకుల కింద పెడతారు. 25 డిగ్రీల మీద ప్రతి 10 డిగ్రీలకి లెడ్ యాసిడ్ ఆయుష్షు సగానికి సగం పడిపోద్దని లెక్క. కాస్త నీడగా, గాలాడే చోట, నేల మీద చెక్క వేసి పెట్టమనండి. పొయ్యి పక్కన మాత్రం వద్దు, చార్జి అయ్యేటప్పుడు దాన్నించి గ్యాసొస్తది.

కాబట్టి మనం అడగాల్సింది ఏందంటే, నా లెక్క ప్రకారం చెప్తున్నా, తప్పుంటే సరిచేయండి. ముందు తక్కువ తాగే ఫ్యాన్, డీసీ అయితే ఇంకా మంచిది. ఇన్వర్టర్ ఊరికే ఆన్‌లో ఉన్నా కొంత తాగుద్ది, ఆ బాధ తప్పుద్ది. దాంతో రాత్రికి 500 వాట్ అవర్లు. కార్తీకంలో తుఫాను ముసురు పడితే రెండు మూడు రోజులు ఎండ మొహం కనపడదు కదా, అందుకని కనీసం రెండు రాత్రులకి నిలవ ఉండాలి. అంటే 1000. లెడ్ యాసిడ్ అయితే సగమే వాడాలి కాబట్టి 2000, అంటే 12 వోల్టుల 150 ఏహెచ్ కంటే కాస్త పెద్దది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 80 వంతులు వాడినా ఏం కాదు కాబట్టి 12.8 వోల్టుల 100 ఏహెచ్ సరిపోద్ది. నీళ్ళు పోసే పని లేదు, ఎక్కువేళ్ళు వస్తది. ధర ఎక్కువ. గవర్నమెంటు ఇచ్చేటట్టయితే లిథియమే అడగండి, మొహమాటం ఎందుకు. సొంత డబ్బుతో కొనేటట్టయితే, అడ్వాన్సు తీసుకొని మాత్రం కొనొద్దు, ట్యూబులర్ కొనండి. దాని మీద సీ10 అని ఉందా సీ20 అని ఉందా చూడండి. సీ10 అంటే పది గంటల్లో ఖాళీ చేసినా అంత ఇస్తదని, సోలార్‌కి అదే కావాలి. సీ20 అంటే ఇరవై గంటలు నిదానంగా వాడితేనే ఆ అంకె. రెండింటి మీదా 150 అనే రాసుంటది, షాపోడు నోరు మెదపడు. ప్యానెల్ ఏదైనా సరే 300 వాట్లకి తగ్గొద్దు. ముసురు విడిచాక ఖాళీ అయిన బ్యాటరీ మళ్ళీ నిండాలంటే అంత ఉండాలి.

బాగుచేయడం నేర్చుకోవడం కూడా మన పనే. రాజస్థాన్‌లో తిలోనియా అనే ఊళ్ళో బేర్‌ఫుట్ కాలేజీ బడి మొహం చూడని ఆడోళ్ళకి సోలార్ లైట్లు బిగించడం, బాగుచేయడం నేర్పుద్ది. ఆఫ్రికా నుంచి కూడా వచ్చి నేర్చుకున్నారు. మనలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ చేసి ఖాళీగా ఉన్న తమ్ముళ్ళు ఎంతమంది? కాలనీకి ఒక్కరికి నేర్పించి, కిట్టుతోపాటు ఐదేళ్ళ మరమ్మతు పని వాళ్ళకే ఇయ్యమని అర్జీలో ఒక లైను రాద్దాం. నెల్లూరులో యానాదుల కోసమని ఐటీడీఏ ఉంది, శ్రీశైలంలో చెంచుల కోసం ఉంది. రెండింటికీ ఒకే కాగితం పంపొచ్చు.

మా ఆరిళ్ళ లిస్టు రాసేశా. ఇంటింటికీ తిరిగి అడిగి రాసింది. ఐదిళ్ళలో ముందు ఫ్యాన్ అన్నారు, తర్వాతే లైటు. ఒక ఇంట్లో బాలింత ఉంది, ఆమె రాత్రంతా చిన్న బల్బు కావాలంది. మా అవ్వ రేడియో అడిగింది, 5 వాట్లు రాశా. మీ కాలనీది కూడా అట్టాగే రాసి కింద పెట్టండి: వస్తువు, వాట్లు, గంటలు, మీటరు ఉందా లేదా. గుణకారం రాకపోతే నేను చేసి పెడతా. హనుమంతునిపాడు, కనిగిరి, సీఎస్ పురం, పామూరు పక్కవాళ్ళవి ముందు కలుపుదాం. వచ్చే సోమవారం అర్జీలు తీసుకునే రోజు కనిగిరి పోతున్నా. వచ్చేవాళ్ళు ఆదివారం రాత్రిలోపు చెప్పండి, జిరాక్సులు నేను తీయిస్తా. ఆధార్, కుల సర్టిఫికెట్ కాపీలు మాత్రం ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి.